తేళ్ళ వాగు

మెడ మీద ఏదో చల్లగా పడింది. రుందోల్ తల ఎత్తి మొగుడి మీద కేక వేసింది.

"నీరా ఒలకబోస్తున్నావు, కాస్త చూసుకో!"

తాటిచెట్టు మీదున్న ఫియారుమ్ ఒక కాలు మట్టకు ఆన్చి కిందికి చూశాడు. "గొట్టం ఇంకా విప్పందే ఒలికేదేమిటి? ఎండదెబ్బ గానీ తగిలిందా నీకు?"

ఆమె మెడ మీది తడిని వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకుంది. తియ్యగా లేదు. చప్పగా, కాస్త దుమ్ము రుచిగా ఉంది. అంతలో రెండోది ముక్కు మీద పడింది. మూడోది పడేసరికి ఆమె చేతిలోని కడవ కింద పెట్టేసి గెంతులు వేస్తోంది.

"దిగు! వాన! ఓరి దేవుడో, వాన!"

ఫియారుమ్ చెట్టు దిగినట్టు లేదు, జారినట్టే ఉంది. ఇద్దరూ చేలో నిలబడి నోళ్ళు తెరుచుకుని ఆకాశం వైపు చూశారు. కొత్త సంవత్సరం పండక్కి రావలసిన వాన అది. పండగ పోయింది, బుద్ధపౌర్ణమి పోయింది, విహారంలో భిక్షువులు వానకోసం చేసిన ప్రార్థనలూ పోయాయి. వానకు బదులు నిప్పు వచ్చింది. ఎవరో పొలంలో కొయ్యకాళ్ళకు పెట్టిన మంట గాలికి లేచి ఊరి పక్కనున్న ఉడుము కొండ ఎక్కింది. దాన్ని ఆపబోయి ఊళ్ళో మగవాళ్ళందరి కనుబొమలూ కాలాయి గానీ కొండ ఆగలేదు. ఫియారుమ్ గీసే తాళ్ళలో సగానికి పైగా మొవ్వు మాడిపోయాయి. ఇప్పుడా కొండ ఊరి నెత్తిన బోర్లించిన మసి పెనంలా ఉంది.

వాన సాయంత్రం దాకా కురిసింది. ఇంటికి వెళ్ళేసరికి అత్త యెమ్ వసారాలో కూర్చుని గునపం మొనను రాయి మీద రుద్దుతోంది. మోకాలి నొప్పితో నిరుటినుంచి కొండెక్కని మనిషి.

"నువ్వెక్కడికి అత్తా?"

"నాకు కాదే, నీకు. రేపు తేళ్ళు లేస్తాయి. వాన పడ్డ మర్నాడు లేవకపోతే అవి తేళ్ళే కావు." ముసలిదాని కళ్ళు మెరుస్తున్నాయి. "ముందు పోయినవాళ్ళకే ముందు దొరుకుతాయి. తెల్లారేసరికి కొండ మీదుండు."

*

తెల్లారేసరికి ఊళ్ళో ఆడవాళ్ళందరూ కొండ మీదే ఉన్నారు. బకెట్లు, గునపాలు, అన్నం మూటలు. పక్కింటి సారెత్ అందరికంటే ముందు నడుస్తూ, అందరికంటే గట్టిగా మాట్లాడుతోంది. కొండ కింద తిన్‌బియెన్ సంతకు తేళ్ళు తోలే తూ అనే వ్యాపారి అప్పుడే వ్యాను నిలిపి, దాని బానెట్ మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"పిల్లల తల్లులైతే రెట్టింపు ఇస్తానమ్మోయ్! తేళ్ళు వేసి సీసాలో పోసే సారాకి అవే కావాలంటున్నారు. వీపు మీద పిల్లలతో సహా!" అని కేకేశాడు.

"నీ వీపు మీద ఎక్కించుకో పిల్లల్ని, నిన్నే సారాలో వేసి అమ్ముకుంటాం!" అని సారెత్ తిరిగి కేకేసింది. నవ్వులతో గుంపు విడిపోయింది.

తేళ్ళ వేటకు ఈ ఊరి ఆడవాళ్ళకు ఒకటే కట్టుబాటు. తేళ్ళున్న చోటు ఎవరికి కనిపించినా నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి కూత వెయ్యాలి. కూత విని అందరూ వస్తారు, అందరూ తవ్వుకుంటారు. దాచుకుని తవ్వుకున్న మనిషి ఇంటి ముందు పెళ్ళికి గానీ చావుకి గానీ ఎవరూ ఆగరు.

రుందోల్ నల్లటి నేల మీద ఒంగి నడిచింది. చంద్రవంకలా ఒంపు తిరిగిన బొరియ నోరు కనిపిస్తే ముందు దాని పెదవి చూడాలి. గీకిన మట్టిపొడి కొత్తగా ఉంటే లోపల తేలు ఉన్నట్టు. సాలెగూడు కట్టి ఉంటే ఖాళీ. మొదటి బొరియ పెదవికి సాలెగూడు లేదు. ఆశగా గునపం దించి మోచెయ్యి లోతు తవ్వింది. అడుగున తేలు ఉంది. వేలితో తాకితే పొట్టు కదిలినట్టు గలగలలాడింది. ఎండిపోయిన పెంకు. రెండో బొరియలోనూ అంతే. మూడోదాంట్లో అదీ లేదు.

ఎక్కడినుంచో సారెత్ కూత వినిపించింది. అందరూ పరిగెత్తారు. తీరా చూస్తే ఒక్కటే తేలు, అదీ బక్కచిక్కింది. "ఇదొక్కటీ దొరికిందని కూత వేశావా?" అంటే, "కట్టుబాటు కట్టుబాటే. రండి, తలో కాలూ పంచుకుందాం" అంది సారెత్. కానీ నవ్వులో మునుపటి పస లేదు.

రుందోల్ పైకి పోయింది. ఏటేటా తేళ్ళు పైపైకే పోతున్నాయి. అత్త కొత్త కోడలిగా ఉన్నప్పుడు వరిగట్టు మీద దొరికేవట. తాను కాపురానికి వచ్చేసరికి కొండ నడుం దాకా ఎక్కాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ నడుమూ దాటింది. మాడిన వెదురు పొదలు దాటింది. కొండ శిఖరం కింద పడమటి వైపు రెండు బండల మధ్య ఇరుకైన వాగు ఒకటుంది. నిప్పు బండల మీదుగా దూకిపోయిందేమో, వాగులోపల వెదుళ్ళు ఇంకా పచ్చగా ఉన్నాయి. ఆమె బండ అంచు పట్టుకుని లోపలికి దిగింది. పాదం మెత్తగా ఎర్రమట్టిలో దిగబడింది.

ముందు ఉసిళ్ళు కనిపించాయి. మబ్బు వెలుతురులో నేలలోంచి పొగలా లేస్తున్నాయి. రెక్కలు రాలి మట్టి మీద అభ్రకపు రేకుల్లా మెరుస్తున్నాయి. ఆ రెక్కల మధ్య నేల కదులుతోంది.

రుందోల్ కాలు వెనక్కి తీసుకుంది.

తేళ్ళు. నల్లటి పెద్ద తేళ్ళు, పట్టపగలే, బొరియల్లో నీళ్ళు నిండి బయటికొచ్చినవి. డెక్కల నిండా ఉసిళ్ళు పట్టుకుని, పెళ్ళి భోజనంలో పక్కవాడి విస్తరి వంక చూడనివాళ్ళలా నమిలేస్తున్నాయి. ఎదురుపడితే ఒకదాన్నొకటి తినేసే జాతి అది. వాటిలో తల్లులు ఎన్నో. వీపుల మీద తెల్లగా, ఉడికీ ఉడకని అన్నం మెతుకుల్లా పిల్లలు. పక్కనే బండ పగుల్లో గోరంత మందానికి అణగ్గొట్టినట్టున్న గోధుమరంగు చిన్న తేళ్ళు. వాటిని చూసి ఎన్నాళ్ళయిందో. ఆ పక్క వెదురు బెరడు మీద ఇంకొకటి తోక చుట్టుకుని ఉంది. పసుపు ఒళ్ళు, నడుమ్మీద నల్ల చారలు. దాన్ని ఆమె అసలెప్పుడూ చూడలేదు. అత్త చెబితే విన్నది.

"అమ్మో, అమ్మో, అమ్మో" అంటూ తనలో తానే నవ్వుకుంది. బకెట్టు చాలదు. పది బకెట్లు తెచ్చినా చాలదు. ఈ ఒక్క రోజుతో వర్షాకాలమంతా గడిచిపోతుంది.

రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి ఊపిరి నిండా పీల్చింది.

పీల్చిన ఊపిరి అలాగే ఆగిపోయింది. కూత వేయడానికి తల పైకెత్తినప్పుడు వాగు పైన ఏముందో కనిపించింది. బండ, ఆ తరువాత ఆకాశం. ఇంక పైకి పోవడానికి కొండ లేదు. కిందంతా ఎండిన పెంకులు. ఇవి ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ కూడినవి కావు, అన్నిచోట్లా పోగా మిగిలినవి ఇవే.

చేతులు దించింది. తరువాత ఖాళీ బకెట్టుతో బండ ఎక్కి బయటపడింది.

దిగేటప్పుడు సారెత్ ఎదురైంది. మొహం నిండా మసి, చెమట. "పడమటి వైపు ఏమన్నా ఉందా?"

"బూడిదే" అంది రుందోల్.

"పోనీలే. పద, దప్పికేస్తోంది." సారెత్ తన సీసాలో మిగిలిన నీళ్ళు ముందు ఆమెకే ఇచ్చింది. రుందోల్ ఒక్క గుక్క తాగి సీసా తిరిగి ఇచ్చేసింది.

*

"కొండంతా నల్లగా ఉంటే నీ పాదాలకి ఎర్రమట్టి ఎక్కడిదే?"

వసారాలో చేప పులుసుకి చింతాకు దూస్తున్న యెమ్ ఆ మాట చాలా మామూలుగా అడిగింది. రుందోల్ పాదాల వైపు చూసుకుంది. చీలమండల దాకా ఎండి పగిలిన ఎర్రమట్టి.

అత్త దగ్గర దాచాలని అనుకోలేదు. చెప్పకుండా ఉండలేకపోతోంది కూడా. ఒక్కసారిగా మాటలు తోసుకుంటూ వచ్చాయి. వాగు, ఉసిళ్ళు, మెతుకుల్లాంటి పిల్లలు, బండ పగుల్లో చప్పిడి తేళ్ళు. చేతులు తిప్పుతూ, లేచి నిలబడి, తోక ఇలా చుట్టుకుందని వేళ్ళు ముడిచి చూపిస్తూ చెప్పింది.

"పసుపుదా?" యెమ్ చేతిలో చింతాకు ఆగిపోయింది. "నడుమ్మీద చారలున్నాయా? నిజంగా?"

"నా కళ్ళతో చూశాను."

"నా పెళ్ళైన రాత్రి గడ్డి కప్పులోంచి అలాంటిది చాప మీద పడింది. మీ మామ కెవ్వుమని నన్నొదిలేసి బయటికి పరిగెత్తాడు. ఊరంతా నవ్వింది." ముసలిది పళ్ళు లేని చిగుళ్ళతో పకపకా నవ్వింది. ఆ నవ్వు అలాగే సన్నబడి ఆగింది. "కూత వేశావా?"

"లేదు."

"సారెత్ అడిగిందా?"

"బూడిదే అన్నాను."

యెమ్ చింతాకు గిన్నె పక్కకు నెట్టింది. "పోయినేడు నీ పిల్లకి జ్వరమొస్తే బండెక్కించుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఎవరు? దాని మొహం చూసి అబద్ధమాడావా?"

"కూత వేస్తే సాయంత్రానికి వాగులో ఒక్కటి మిగలదు అత్తా! తూ వ్యాను నిండిపోతుంది, అంతే. వచ్చే ఏడు వాన పడితే ఏం లేస్తుంది? బూడిద లేస్తుంది."

"అది నీకొక్కదానికే తెలుస్తుందా? వాళ్ళ తలకాయల్లో ఉన్నది గడ్డా?" యెమ్ గోడ పట్టుకుని లేచింది. మోకాలు కటుక్కుమంది. "రేపు అందర్నీ తీసుకుపోతున్నాం. నేనూ వస్తాను."

"ఆ మోకాలితోనా?"

"నువ్వు చెప్పిన అబద్ధాన్ని మొయ్యడం కంటే మోకాలే తేలిక."

*

మర్నాడు తెల్లారకముందే రుందోల్ వెళ్ళి వాగు సంగతి చెబితే సారెత్ తిట్టలేదు. అందుకే రుందోల్‌కు భయమేసింది. దారి పొడుగునా సారెత్ బకెట్టు తొడకు కొట్టుకుంటుంటే నడిచింది. గునపాలు ఇంట్లో వదిలి రమ్మని యెమ్ చెప్పినా, ఆమె తన గునపం తెచ్చుకుంది. కొత్త కోడలు కుంథీ, మిగతావాళ్ళు వెనక గుసగుసలాడుతున్నారు. యెమ్‌ను ఫియారుమ్ వీపు మీద మోసుకొచ్చి బండల దగ్గర దించి, ఆడవాళ్ళ చూపులు చూసి మెల్లగా కిందికి జారుకున్నాడు.

ఒక్కొక్కరే వాగులోకి దిగారు. మొదట దిగిన కుంథీ "ఓలమ్మో!" అని బండను కరుచుకుంది. తరువాత అందరి నోళ్ళూ ఒక్కసారి లేచాయి. "అటు చూడు, అటు చూడు!" "కాలు జాగ్రత్త!" "దీని వీపు చూడవే, సంతలా ఉంది!" "ఈ పసుపుదేంటి, కొండి మీద ముళ్ళు రెండున్నాయేంటి?" చిన్నపిల్లల్లా ఒకళ్ళ భుజాల మీదినుంచి ఒకళ్ళు తొంగిచూశారు. యెమ్ ఒక రాయి మీద కూర్చుని వెదురు బెరడు మీది పసుపు తేలును, చాలాకాలానికి కనిపించిన చుట్టాన్ని చూసినట్టు కన్నార్పకుండా చూస్తోంది.

సారెత్ మాత్రం రుందోల్ ముందుకొచ్చి నిలబడింది.

"నా దగ్గర బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసీ బూడిదే అన్నావు."

సారెత్ రుందోల్‌ను పక్కకు నెట్టి ఒంగింది. అన్నిటికంటే పెద్ద తల్లి తేలును తోక కొన పట్టుకుని, అలవాటైన వేళ్ళతో చటుక్కున పైకెత్తింది. ఎత్తిన విసురుకు వీపు మీది పిల్లలు జలజల రాలాయి. తడి బూడిద కొట్టుకొచ్చిన మట్టి మీద తెల్లగా చెల్లాచెదురయ్యాయి. కళ్ళు సరిగా లేని వాటిలా ఒకదాని మీద ఒకటి పడుతూ, ఏ వైపు పోవాలో తెలియక తిరుగుతున్నాయి.

కాళ్ళ కింద పడతాయేమోనని అందరూ వెనక్కి జరిగారు.

సారెత్ బకెట్టు వైపు చూసింది, పిల్లల వైపు చూసింది. తల్లి తేలు గాలిలో డెక్కలు ఆడిస్తోంది. "ఛీ" అని ఎవరిమీదో విసుక్కుంటూ మెల్లగా దాన్ని నేల మీద దించింది.

"అయిపోయింది. బెదిరిన తల్లి పిల్లల్ని తినేస్తుంది" అంది కుంథీ.

"నోర్ముయ్" అంది సారెత్. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. తరువాత మోచేతుల మీదికి ఒంగింది. చివరికి ఆ ఎర్రమట్టిలో బోర్లా పడుకుని, తల్లి పారిపోకుండా ఒక వైపు తన అరచెయ్యి గోడలా అడ్డం పెట్టింది.

తల్లి తేలు డెక్కలు తెరిచింది. మొదటి పిల్ల దగ్గరికి డెక్క సాగింది. డెక్క పిల్లను తాకింది, ఆగింది, వంగింది. నిచ్చెనలా వంగిన ఆ డెక్క మీదుగా పిల్ల జారుతూ, మళ్ళీ ఎక్కుతూ, తల్లి నెత్తి మీదికి చేరింది.

"ఎక్కింది!" రుందోల్ అరిచేసింది.

రెండోది ఎక్కింది. మరి రెండు ఒకేసారి ఎక్కబోయి కిందపడ్డాయి. "పక్కకి జరగవే పొట్టిదానా, దాన్ని ఎక్కనియ్!" అని సారెత్ తిట్టింది. కాలు వైపు నుంచి రా, అటు కాదు, ఇటు అని అందరూ తలోవైపు నుంచీ దారి చెప్పడం మొదలుపెట్టారు, పందెపు ఎడ్లను అదిలించినట్టు. దూరంగా రాలిన పిల్ల ఒకటి ఉసిళ్ళ రెక్కలో చిక్కుకుంది. సారెత్ గడ్డిపోచతో రెక్కను పక్కకు తీసింది. ఆ పిల్ల గడ్డిపోచనే ఎక్కింది. పోచను తల్లి వీపుకు ఆన్చి పట్టుకుని, చెయ్యి వణక్కుండా పళ్ళు బిగించి, అది దిగేదాకా అలాగే ఉంది.

"నాశనమైపోను, దీని మొహం! అందర్నీ ఎక్కించుకుంది!" సారెత్ లేచి కూర్చుంది. ముందు భాగమంతా ఎర్రమట్టి. నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళున్నాయి. ఆడవాళ్ళు ఒకళ్ళ వీపు ఒకళ్ళు చరుచుకుంటూ నవ్వారు. తల్లి తేలు ఆ గోలంతా భరించలేనట్టు వెదురు వేళ్ళ కిందికి నడిచిపోయింది.

"ఇంక చెప్పండి. తవ్వుదామా, వదిలేద్దామా?" అని అడిగింది యెమ్.

"వదిలేస్తే ఎన్నాళ్ళు పెద్దమ్మా? పిల్లలు వీపు దిగేదాకానా?" అంది కుంథీ.

"ఆ పిల్లలు పెద్దవై, వాటి పిల్లలు కొండ దిగేదాకా."

"అప్పటిదాకా ఏం తినాలి మేము?"

"తెలిస్తే చెప్పనా?" అంది యెమ్. "నాకూ తెలీదు. తవ్వితే ఈ నెల తింటాం. ఆ తరువాత ఏం తింటామో అదీ తెలీదు."

సారెత్ తన గునపం వంక చూసుకుంది. తరువాత బకెట్టు బోర్లించి మట్టి దులిపి, ఉసిళ్ళు లేస్తున్న వాగు నోటి దగ్గర పెట్టింది. "కనీసం ఇవన్నా పట్టుకుపోదాం. వేయిస్తే నెయ్యి కారతాయి. తేళ్ళకి మిగిల్చి పట్టండి, కక్కుర్తి పడకండి."

*

బండలు దాటి బయటికొస్తుంటేనే తూ ఎదురయ్యాడు. వెనక ఇద్దరు మనుషులు, భుజాల మీద కొత్త పారలు. కొండెక్కిన ఆయాసంతో అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఏమ్మా, అందరూ ఇక్కడే ఉన్నారు! నవ్వులు కింద దాకా వినిపిస్తున్నాయి. దొరికాయన్నమాట." అతను వాగు వైపు మెడ సాచాడు. "లోపలేనా?"

నిన్న చెప్పిన అబద్ధం ఇవాళ రుందోల్ నోట్లోకి రావడం లేదు. సారెత్ ముందుకు జరిగి అతని ముక్కు కిందికి బకెట్టు ఎత్తింది. నిండా ఉసిళ్ళు బిలబిలలాడుతున్నాయి.

"ఇవేంటి? తేళ్ళేవి?"

"ఇవేగా! ఏం ఎండలన్నా ఈ ఏడు, తేళ్ళకి రెక్కలొచ్చాయి."

ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. తూ నవ్వలేదు. "వేళాకోళం కాదు. లోపల చూసొస్తాను, తప్పుకోండి."

"వెళ్ళు నాయనా. మూత్రానికి కూర్చునే చోటు అది. ఇప్పుడే అందరం వెళ్ళొచ్చాం. చూస్తానంటే వద్దనేదెవరు?" అంది యెమ్, వాగు బయట ఇంకో రాయి మీద కూర్చుంటూ.

పారల మనుషులిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుని వెనక్కి తిరిగారు. తూ చూపు సారెత్ రొమ్ము మీది ఎర్రమట్టి మీద పడింది, అక్కడినుంచి కుంథీ పాదాల మీదికి, అందరి పాదాల మీదికి పోయింది. నోరు తెరిచాడు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా, భుజానికి భుజం తగిలేలా దగ్గరకు జరిగారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

"సరే. వాన మళ్ళీ పడుతుంది. నేనూ మళ్ళీ వస్తాను" అన్నాడు తూ.

"రా అన్నా. మేమెక్కడికి పోతాం?" అంది సారెత్.

అతను దిగిపోయాక, కొండ వంపు తిరిగి కనిపించకుండా పోయాక, యెమ్ లేవబోయి మళ్ళీ కూలబడింది. మోకాలు పట్టేసింది. ఫియారుమ్‌ను పిలుద్దామంటే అతను ఎప్పుడో చేలోకి పోయాడు. ఆకాశం మళ్ళీ నల్లబడుతోంది.

"మోసుకుపోదాం" అంది రుందోల్. ఎవరితో అన్నదో చెప్పలేదు.

సారెత్ ఆమె వైపు చూడకుండా వచ్చి ఎదురుగా నిలబడి చేతులు చాచింది. రుందోల్ తన మణికట్లు ఇచ్చింది. సారెత్ పట్టు నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది. రుందోల్ కూడా అంతే గట్టిగా పట్టుకుంది. పెనవేసిన ఆ నాలుగు చేతుల మీద యెమ్ కూర్చుని, ఇద్దరి మెడలూ వాటేసుకుంది.

"మెల్లగా నడవండే. ఎముకలు పాతవి."

తడి బూడిదలో అడుగులు జారుతున్నాయి. ఒకరి అడుగు ఇంకొకరితో కలపకపోతే ముగ్గురూ దొర్లుతారు. కొంత దూరం దిగాక వాన అందుకుంది. నుదుటి మీదినుంచి నీళ్ళు కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడానికి ఇద్దరికీ చెయ్యి ఖాళీ లేదు.

"రేపు వాగు కాపలాకి ఎవరు వస్తారు?" అని పైనుంచి అడిగింది యెమ్.

"నేను" అంది సారెత్. రెండడుగులు వేశాక, ఇంకా ముందుకే చూస్తూ అంది: "ఇదిగో, నువ్వూ రా. ఒక్కదాన్నే కూర్చుంటే నాకు తోచదు. అన్నం మాత్రం నీ ఇంటిదే."